పాత ఇల్లు పగలగొట్టే ముందు ఈ మూడూ చూడండి: సికింద్రాబాద్ వరుస ఇళ్ల కథ

 

సికింద్రాబాద్‌లో పాత ఇల్లు ఉన్న ప్రతి ఫ్యామిలీలో ఒక డిస్కషన్ ఉంటుంది. పండక్కి అందరూ కలుస్తారు, భోజనాలవుతాయి, ఎవరో ఒకరు తల పైకెత్తి చూస్తారు. పెచ్చులూడుతున్న మిద్దె కనిపిస్తుంది. అంతే, స్టార్ట్. "ఇంకా ఎన్నాళ్లు ఉంచుతాం, బిల్డర్‌కి ఇచ్చేద్దాం" అని ఒకరు. "నేను పోయాక మీ ఇష్టం" అని ఇంట్లో పెద్దవాళ్లు. "రిపేర్ చేయించి మనమే ఉందాం, మెట్రోకి దగ్గర" అని ఒకరు. ఈ మూడో మాట అనేది ఎక్కువగా మన ఏజ్ వాళ్లే. కానీ రిపేర్ అంటే ఏం చేయాలో మనకి తెలీదు. రీల్స్‌లో చూసిన ఇంటీరియర్స్ తప్ప.

ఈ ఎపిసోడ్‌లో పగలగొట్టాలా, ఉంచాలా అని నేను తీర్పు చెప్పను. ఒక్క మాట చెప్తాను, మిగతాదంతా దాని చుట్టూనే. పాత ఇల్లు వయసైపోయి కూలదు. నీళ్ల వల్ల కూలుతుంది, తప్పుడు రిపేర్ వల్ల కూలుతుంది, పక్కింటి తవ్వకం వల్ల కూలుతుంది. ఈ మూడూ ఆపగలిగితే ఆ ఇంట్లో ఏసీ, వైఫై, మాడ్యులర్ కిచెన్ అన్నీ పెట్టుకుని హ్యాపీగా ఉండొచ్చు. ఆపలేకపోతే ఎంత ఖర్చుపెట్టినా వేస్ట్.

ఎగ్జాంపుల్‌కి మా పెద్దమ్మ ఇల్లు తీసుకుందాం. రెజిమెంటల్ బజార్‌లో ఉంది. వరుసగా ఒకదానికొకటి ఆనుకుని ఉన్న ఇళ్లలో ఒకటి. పెద్దమ్మ ఒక్కతే ఉంటుంది, 74 ఏళ్లు. మా అన్న, అంటే వాళ్లబ్బాయి, బాచుపల్లిలో ఫ్లాట్ తీసుకున్నాడు. "నా దగ్గరికి వచ్చెయ్యమ్మా" అంటాడు. ఆమె వెళ్లదు. ఇప్పుడు అర్జెన్సీ ఏంటంటే, పక్కిల్లు అమ్ముడుపోయింది. దసరా తర్వాత పడగొట్టి కొత్త బిల్డింగ్ వేస్తారట. ఆ ఇంటికీ ఈ ఇంటికీ మధ్య ఉన్నది ఒకటే గోడ. అది ఇద్దరిదీ.

ముందు, ఈ ఇళ్లు అసలు ఎలా వచ్చాయో రెండు నిమిషాల్లో చెప్తాను. ఎందుకంటే ఎలా కట్టారో తెలిస్తేనే ఎలా బాగు చేయాలో తెలుస్తుంది.

1798లో నిజాంకీ ఈస్ట్ ఇండియా కంపెనీకీ ఒప్పందం కుదిరింది. హుస్సేన్ సాగర్‌కి ఉత్తరాన కంపెనీ సైన్యం దిగింది. 1806లో ఆ కంటోన్మెంట్‌కి మూడో నిజాం సికందర్ జా పేరు మీద సికింద్రాబాద్ అని పేరు పెట్టారు. సైన్యం ఉందంటే వాళ్లకి బియ్యం కావాలి, బట్టలు కావాలి, టైలర్ కావాలి, అప్పిచ్చేవాడు కావాలి. అలా బజార్లు పెరిగాయి. జనరల్ బజార్, రెజిమెంటల్ బజార్. పేర్లలోనే కథ ఉంది చూడండి. ఇప్పుడు మనం ఎం.జి. రోడ్ అనేది అప్పుడు జేమ్స్ స్ట్రీట్. ఆర్.పి. రోడ్ అనేది కింగ్స్‌వే. 1874లో రైలు వచ్చింది, ఊరు ఇంకా పెరిగింది.

బజార్లో జాగా ఖరీదు. అందుకే ఇంటి ముఖం చిన్నది, లోతు ఎక్కువ. ముందు అరుగో, చిన్న దుకాణం గదో. తర్వాత హాలు. మధ్యలో ఆకాశం కనిపించే ఖాళీ జాగా. కొందరు మండువా అంటారు, పెద్దమ్మ నడిమి వాకిలి అంటుంది. వెనక వంటిల్లు. అన్నిటికంటే చివర, వెనక సందు వైపు లెట్రిన్. ఎందుకు చివర? ఫ్లష్ లేని రోజుల్లో సఫాయి పని చేసే మనుషులు ఇంట్లోకి రాకుండా వెనక సందులోంచి వచ్చి చేత్తో ఎత్తుకెళ్లేవాళ్లు. ఆ పనిని కులం పేరుతో వాళ్ల నెత్తిన పెట్టారు. 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం దాన్ని నిషేధించాయి. పాత ఇళ్ల గురించి మాట్లాడేటప్పుడు అందమైన తలుపుల గురించే కాదు, ఆ సందు గురించి కూడా మాట్లాడాలి. అది కూడా ఆ ప్లాన్‌లో భాగమే.

సరే, ఇప్పుడు స్ట్రక్చర్. మన అపార్ట్‌మెంట్లలో పిల్లర్లు, బీములు బరువు మోస్తాయి. గోడ ఉత్త అడ్డం. ఈ పాత ఇళ్లలో పిల్లర్ లేదు. గోడే పిల్లర్. అందుకే గోడ అంత మందం, పెద్దమ్మ ఇంట్లో ఉమ్మడి గోడ 18 అంగుళాలు. ఇటుకో రాయో, మధ్యలో సున్నం. సిమెంటు లేదు, లోపల ఇనుము లేదు. కాబట్టి "హాలుకీ కిచెన్‌కీ మధ్య గోడ తీసేసి ఓపెన్ కిచెన్ చేద్దాం" అని ఇంటీరియర్ వాళ్లు ఎంత ఈజీగా అన్నా, మీరు ఆగాలి. ఆ గోడ మీద మిద్దె కూర్చుని ఉంది. తీయొచ్చు, కానీ ఇంజినీర్ లెక్క ప్రకారం పైన గడ్డర్ వేసి, పని జరిగినన్నాళ్లూ మిద్దెకి సపోర్టులు పెట్టి తీయాలి.

నేను కొన్నేళ్లు సాఫ్ట్‌వేర్‌లో పని చేశా కదా, నాకు ఇది లెగసీ కోడ్ లాగా అనిపిస్తుంది. ఎవరో ఎప్పుడో రాశారు, డాక్యుమెంటేషన్ లేదు, కానీ నడుస్తోంది. ఏ లైన్ ఎందుకుందో తెలీకుండా డిలీట్ చేస్తే ఏమవుతుందో ఆ ఫీల్డ్‌లో ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. అక్కడ సర్వర్ డౌన్ అవుతుంది. ఇక్కడ ఇల్లు.

ఓకే. మొదటిది, నీళ్లు. నీళ్లు అంటే మిద్దె నుంచి మొదలుపెట్టాలి.

ఈ ఇళ్లలో మిద్దె రెండు రకాలుగా కనిపిస్తుంది. ఒకటి, మద్రాస్ టెర్రస్. టేకు దూలాలు వరుసగా పెట్టి, వాటి మీద చిన్న పల్చటి ఇటుకల్ని నిలువుగా సున్నంలో పేర్చి, ఆ పైన ఇటుక ముక్కలు, సున్నం కలిపిన కాంక్రీటు పోసి, రోజుల తరబడి చెక్కలతో కొట్టి గట్టిపరిచేవాళ్లు. పైన పల్చటి పలకలు. ఇక్కడ ఉన్న దళాలు మద్రాస్ ఆర్మీవే కాబట్టి ఆ పనితనం సికింద్రాబాద్‌లో కనిపించడంలో ఆశ్చర్యం లేదు. రెండోది, ఇనుప గడ్డర్లు వేసి వాటి మధ్య ఇటుకలతో చిన్న చిన్న ఆర్చీలు కట్టే పద్ధతి. కింద నుంచి చూస్తే అలలు అలలుగా కనిపిస్తుంది.

మద్రాస్ టెర్రస్‌లో దూలం మధ్యలో పాడవడం తక్కువ. గోడలోకి దూరిన చివర పాడవుతుంది. ఎందుకంటే అక్కడ గాలి ఆడదు, గోడలో చెమ్మ ఉంటే కలప పుచ్చుతుంది, చెదలు పడతాయి. టెస్ట్ సింపుల్. స్టూల్ ఎక్కి, దూలం గోడలో కలిసే చోట స్క్రూడ్రైవర్‌తో గుచ్చండి. గట్టిగా తగిలితే ఓకే. మెత్తగా లోపలికి పోతే ఆ దూలానికి కింద సపోర్ట్ పెట్టి, ఇంజినీర్‌ని పిలవండి. పుచ్చిన చివర కోసేసి, ఇనుప ప్లేట్లతో కొత్త ముక్క జోడించొచ్చు. ఒక దూలం పాడైందని మిద్దె మొత్తం తీయక్కర్లేదు. గడ్డర్ల మిద్దె అయితే తుప్పు చూడాలి, పొరలు పొరలుగా ఊడుతోందా అని.

పెద్దమ్మని అడిగాను, "మిద్దె ఎక్కడెక్కడ కారుతుంది?" అని. ఆమె నవ్వి, "ఏంరా, ఏ మూలన గిన్నె పెట్టాలో, ఏ మూలన బకెట్ పెట్టాలో నాకు తెల్వదా" అంది. నాలుగు చోట్లు చూపించింది. మేం పైకెక్కి చూస్తే నాలుగిట్లో రెండు, తూము మూసుకుపోయిన చోట ఉన్నాయి. ఆకులు, పాలిథిన్ కవర్లు. ఒకటి, పిట్టగోడలో రావి మొక్క మొలిచిన చోట. రావి మొక్కని పైపైన తెంపితే మళ్లీ వస్తుంది, వేరు గోడని చీల్చుకుంటూ పోతుంది. మొదలు కోసి, వేరు చచ్చేలా మందు పెట్టి, తర్వాత పగులు పూడ్చాలి. అంటే నాలుగు లీకుల్లో మూడింటికి కావాల్సింది పెద్ద కాంట్రాక్ట్ కాదు, ఒక ఆదివారం పని.

ఇక్కడ అందరూ చేసే పని ఒకటుంది. కారుతోందని పైన ఇంకో పొర సిమెంటు వేయిస్తారు. లెక్క చూడండి. 100 గజాల మిద్దె మీద ఒక్క అంగుళం మందం కాంక్రీటు అంటే దాదాపు 5 టన్నులు. రెండు కార్లు తెచ్చి మిద్దె మీద పార్క్ చేస్తే ఎంతుంటుందో దానికంటే ఎక్కువే. ప్రతి పదేళ్లకీ ఒక పొర వేసుకుంటూ పోతే, మోసేది ఎవరు? ఆ పాత దూలాలే. అలాగే 1000 లీటర్ల ట్యాంకు నిండితే టన్ను బరువు. దాన్ని మిద్దె మధ్యలో పెట్టకండి. గోడ మీద బరువు పడేలా గడ్డర్లు వేసి పెట్టండి. ఇంకా మంచిది, వెనక ఖాళీలో విడిగా స్టాండ్ కట్టించడం.

ఇంకో లెక్క. హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. 100 గజాల మిద్దె మీద అది ఏడాదికి దాదాపు 67 వేల లీటర్లు. ఆ నీళ్లన్నీ ఎటు పోతున్నాయి అన్నదే మీ ఇంటి ఆయుష్షు. పైపు ద్వారా బయటికి, వీలైతే ఇంకుడు గుంతలోకి పోవాలి. ఆ గుంత గోడకి ఆనుకుని మాత్రం తవ్వొద్దు. పునాది పక్కన నీళ్లు వదలడం అంటే మనమే గోతి తవ్వుకున్నట్టు.

కింది నుంచి కూడా నీళ్లు వస్తాయి. పాత కాలం ఇంటికి మూడు మెట్లు ఎక్కి వెళ్లేవాళ్లం అంటారు పెద్దవాళ్లు. ఇప్పుడు రోడ్డు మీద రోడ్డు వేసీ వేసీ, కొన్ని ఇళ్లలోకి ఒక మెట్టు దిగాల్సి వస్తోంది. వాన నీళ్లు గుమ్మంలోకి వస్తాయి, మిగతా రోజుల్లో గోడ కిందినుంచి తేమ పీలుస్తుంది. గుమ్మం ముందు అడ్డంగా జాలీ కాలువ ఒకటి వేయించండి. మార్బుల్ కంటే ముందు అది కావాలి.

ఇక రెండోది, తప్పుడు రిపేర్. ఇదే ఈ ఎపిసోడ్‌లో అసలు పాయింట్.

సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల దగ్గర కాలిస్తే అందులోంచి కార్బన్ డయాక్సైడ్ పోతుంది. నీళ్లు పోస్తే బుసబుసమని ఉడికి తడి సున్నం అవుతుంది. దాన్ని ఇసుకతో కలిపి డంగులో, అంటే గానుగ లాంటి దానిలో రుబ్బి వాడేవాళ్లు. డంగు సున్నం అనే మాట మీ తాతగార్ల నోట విని ఉంటారు. కొన్నిచోట్ల బెల్లం, కరక్కాయ నీళ్లు కూడా కలిపేవాళ్లు. గోడకి పెట్టాక ఆ సున్నం మెల్లగా గాల్లోని కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకుని మళ్లీ రాయి అవుతుంది. చార్మినార్, 1591 నాటిది, నిలబడింది ఈ సున్నం మీదే. మనం వాడే పోర్ట్‌లాండ్ సిమెంటుకి పేటెంట్ వచ్చింది 1824లో. మన ఇళ్లలోకి వచ్చింది ఇంకా చాలా తర్వాత.

సున్నం గోడలో సన్నటి రంధ్రాలుంటాయి. తేమ లోపలికి వస్తుంది, ఎండకి బయటికి పోతుంది. ఇప్పుడు దాని మీద సిమెంటు ప్లాస్టరింగ్ కొట్టి, పైన ప్లాస్టిక్ ఎమల్షన్ వేసి, కింద వెట్రిఫైడ్ టైల్స్ వేశాం అనుకోండి. తేమకి బయటికి పోయే దారి మూసుకుపోయింది. అది ఏం చేస్తుంది? ఇంకా పైకి పాకుతుంది. ముందు రెండు అడుగుల ఎత్తులో ఉన్న చెమ్మ నాలుగు అడుగులకి వస్తుంది. తేమతో పాటు ఉప్పు వస్తుంది, తెల్లగా పూస్తుంది, ఇటుక పొడి పొడిగా రాలుతుంది. బయటికి సిమెంటు గట్టిగా, నీట్‌గా కనిపిస్తుంది. లోపల గోడ తినేసి ఉంటుంది.

పెద్దమ్మ ఇంట్లో ఇదే జరిగింది. పదేళ్ల కింద చెమ్మ వస్తోందని హాల్లో కింద నాలుగు అడుగులు సిమెంటు చేయించారు. ఇప్పుడు ఆ నాలుగు అడుగులకి పైన చెమ్మ గీత ఉంది. సున్నం పని తెలిసిన ఒక పెద్ద మేస్త్రీ గారిని పిలిచాం. ఆయన వేలితో గోడ మీద కొట్టి, బోలు శబ్దం విని, "సార్, రెయిన్‌కోటు ఏసుకుని ఎండల పని చేస్తే లోపల ఎట్ల తడుస్తం, గోడ అట్ల తడిసింది" అన్నారు. నేను అరగంట సైన్స్ చదివి అర్థం చేసుకున్నది ఆయన ఒక్క ముక్కలో చెప్పేశారు.

మరి రెమెడీ? సిమెంటు పొరని జాగ్రత్తగా చెక్కేయాలి. గోడని ఆరనివ్వాలి. దీనికి మోటు లెక్క, ఒక అంగుళం మందం ఆరడానికి సుమారు ఒక నెల. 18 అంగుళాల గోడ అంటే తొందరపడే పని కాదు. అందుకే ఎండాకాలం మొదట్లోనే చెక్కడం మొదలుపెట్టాలి. తర్వాత సున్నం ప్లాస్టరింగ్, పైన సున్నం వెల్ల. కలర్ కావాలంటే సున్నంలోనే రంగు కలుపుకోవచ్చు. ఇది ఏదో పాత పద్ధతి మీద ప్రేమతో చెప్పట్లేదు. కుతుబ్ షాహీ సమాధుల దగ్గర 2013 నుంచి ఆగాఖాన్ ట్రస్ట్ ఫర్ కల్చర్ వాళ్లు చేసిన పనిలో పెద్ద భాగం ఇదే. అంతకుముందు వేసిన సిమెంటుని తీసేసి, మళ్లీ సున్నం పెట్టారు. చిన్న ఇల్లయినా, పెద్ద గుమ్మటమైనా గోడ సైన్స్ ఒకటే.

నేల విషయం కూడా అంతే. కింద తాండూరు బండలో, షాబాద్ బండలో ఉంటే వాటిని తీసి టైల్స్ వేయకండి. తాండూరు మన వికారాబాద్ జిల్లాలోనే, వాడి నుంచి సికింద్రాబాద్ వచ్చే రైలు లైను మీదే ఉంది. ఆ బండల్ని లేపి, కింద లెవెల్ చేసి, సందులు సున్నంతో పూడ్చి, పాలిష్ పట్టించండి. ఎండాకాలం చెప్పుల్లేకుండా నడిచి చూడండి, నేను చెప్పక్కర్లేదు.

మూడోది, పక్కింటి తవ్వకం. ఇది అందరూ మర్చిపోయేది, అన్నిటికంటే ప్రమాదమైనది.

వరుస ఇళ్లంటే బస్సులో నిలబడ్డ జనం లాంటివి. ఒకరి భుజం ఒకరికి ఆనుకుని ఉంటుంది. మధ్యలో ఒకరు సడెన్‌గా దిగిపోతే పక్కవాళ్లు తూలతారు. పక్కిల్లు తీసేస్తే రెండు జరుగుతాయి. ఒకటి, ఇన్నేళ్లు ఇంటి లోపల ఉన్న ఉమ్మడి గోడ ఒక్కసారిగా వానకి, ఎండకి బయటపడుతుంది. రెండు, కొత్త పిల్లర్ల కోసం తవ్వే గుంతలు మన పునాది కంటే లోతుకి పోతాయి. పాత పునాది ఎక్కువ లోతు ఉండదు. పక్కన మట్టి తీసేస్తే కింద మట్టి జారుతుంది.

లండన్‌లో వీధులకి వీధులే ఇలాంటి ఆనుకున్న ఇళ్లు. అక్కడ, అంటే ఇంగ్లండ్, వేల్స్‌లో, 1996లో ఉమ్మడి గోడల కోసమే ఒక చట్టం చేశారు. గోడ మీద పనికి రెండు నెలల ముందు, పక్కన తవ్వకానికి ఒక నెల ముందు పక్కింటివాళ్లకి నోటీస్ ఇవ్వాలి. గొడవొస్తే సర్వేయర్లు వచ్చి ఇల్లు ఇప్పుడు ఎలా ఉందో రాసి పెడతారు. మనం చట్టం కోసం ఎదురుచూడక్కర్లేదు. అదే పని కాగితం మీద మనమే చేసుకోవచ్చు.

మా అన్న చేసింది అదే. మొదట వాడికి కోపం వచ్చింది. "ఇదంతా ఎందుకురా, మనం కూడా అదే బిల్డర్‌కి ఇచ్చేస్తే అయిపోయె" అన్నాడు. పెద్దమ్మ ఏమీ అనలేదు, లేచి లోపలికి వెళ్లిపోయింది. తర్వాతి ఆదివారం వాడే ఫోన్ చేసి, "ఇంజినీర్‌ని తీసుకురా, ఆయన ఏమంటే అది చేద్దాం" అన్నాడు. ఇంజినీర్ చూసి, గోడలు నిటారుగానే ఉన్నాయి, మూడు దూలాల చివరలు మాత్రం మార్చాలి, పక్కింటి తవ్వకం జాగ్రత్తగా జరిగితే ఇల్లు ఉంటుంది అన్నారు. అప్పుడు పక్క స్థలం కొన్నాయన దగ్గరికి ఇద్దరం వెళ్లాం. ఆయన మంచిగానే మాట్లాడారు. ఒప్పుకున్నవి ఐదు. పగలగొట్టే పని యంత్రంతో కాదు, ఉమ్మడి గోడ దగ్గర చేత్తోనే. ఇవతలి దూలాలు దూరిన గోడ జోలికి పోకూడదు. తవ్వకం ఒకేసారి కాదు, కొంచెం కొంచెంగా తవ్వి, అక్కడ పని పూర్తయ్యాకే పక్క ముక్క తవ్వాలి. బయటపడ్డ గోడకి వానకి ముందే సున్నం పూత, ఆ ఖర్చు చెరి సగం. పగుళ్లు వస్తే పని ఆపి ఇద్దరి ఇంజినీర్లూ చూడాలి. స్టాంప్ పేపర్ మీద రాసుకున్నారు.

మీరు వెంటనే చేయగలిగింది ఒకటుంది. ఉమ్మడి గోడ మొత్తం డేట్ కనిపించేలా ఫోటోలు, వీడియో తీయండి. ఉన్న పగుళ్ల మీద అడ్డంగా చిన్న గాజు ముక్క అతికించి, పక్కన తేదీ రాయండి. గోడ కదిలితే గాజు విరుగుతుంది. ఎవరితోనూ వాదించక్కర్లేదు, గాజే చెప్తుంది.

ఇవి మూడూ అయ్యాకే మన సోకులు. స్పీడ్‌గా చెప్తాను.

వైరింగ్. పాత చెక్క పట్టీల మీద రబ్బరు తొడుగు వైర్లు ఉంటే ఒక్కటి కూడా ఉంచకండి, మొత్తం మార్చండి. ఎర్తింగ్ కొత్తగా, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరి. చెమ్మ గోడలున్న ఇంట్లో షాక్ కొట్టే ఛాన్స్ ఎక్కువ కాబట్టి దీంట్లో పొదుపు వద్దు. గోడలు చెక్కి పైపులు దాచొద్దు. సున్నం గోడని కట్టర్‌తో కోస్తే ఇటుకలు కదులుతాయి. పైనే నీట్‌గా పైపులు వేయించండి, ఇప్పుడు అది స్టైల్ కూడా.

వైఫై. 18 అంగుళాల గోడ దాటి సిగ్నల్ రాదు. రేంజ్ ఎక్కువ అని ఖరీదైన రౌటర్ కొనే బదులు, వైరింగ్‌తో పాటే ప్రతి గదికీ ఒక ల్యాన్ కేబుల్ లాగించండి. చివర్లలో చిన్న యాక్సెస్ పాయింట్లు. వర్క్ ఫ్రమ్ హోమ్ వెనక గదిలోంచి కూడా నడుస్తుంది.

బాత్రూం. బెడ్రూంకి అటాచ్డ్ కావాలి, అర్థమైంది. ముఖ్యంగా పెద్దవాళ్లు రాత్రిళ్లు వెనక దాకా నడవలేరు, పెద్దమ్మకి ఫస్ట్ కావాల్సింది అదే. కానీ మద్రాస్ టెర్రస్ మీద, అంటే పై అంతస్తులో బాత్రూం కట్టకండి. కింద, నడిమి వాకిలి పక్కన పెట్టండి. పైపులు గోడ లోపల కాదు, బయట కనిపించేలా. లీకైతే అదే రోజు తెలుస్తుంది.

నడిమి వాకిలి. దాన్ని స్లాబుతో మూసేస్తే ఒక గది వస్తుంది, ఇల్లంతా చీకటి అవుతుంది. వేడి గాలి పైకి పోయే దారి అదే. వాన రాకుండా ఎత్తులో అద్దం కప్పు వేయండి, నాలుగు పక్కలా గాలి పోయేలా జాలీ వదలండి, కోతులు, పావురాలు రాకుండా మెష్. వెంటిలేటర్లు మూయకండి. ఏసీ వేసే గదికి మాత్రం మూసే తలుపులు పెట్టించండి. ఫాల్స్ సీలింగ్ వద్దు. దూలం పాడవుతుంటే కనిపించకుండా చేయడం తప్ప అది చేసేదేం లేదు.

ఇక డబ్బు లెక్క. బిల్డర్‌కి ఇస్తే ఎక్కువ ఫ్లోర్లు వస్తాయి, నిజమే. కానీ పాత ఇల్లు జాగా మొత్తం వాడుకుంటోంది. కొత్తది కడితే రూల్స్ ప్రకారం ఖాళీ వదలాలి, రోడ్డు వెడల్పు కోసం జాగా పోవచ్చు, కింద పార్కింగ్ పోతుంది. 20 అడుగుల ముఖం ఉన్న ప్లాట్లో ముందు 5 అడుగులు వదిలితేనే ప్రతి ఫ్లోర్‌కీ 100 చదరపు అడుగులు తగ్గుతాయి. 2020లో వచ్చిన బీపాస్ చట్టం కింద 75 గజాల లోపు ప్లాట్లో 7 మీటర్ల ఎత్తు వరకు ఇంటికి పర్మిషన్ అక్కర్లేదు, ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్ చాలు. ఇంకోటి, మీ ఇల్లు కార్పొరేషన్ కిందా, కంటోన్మెంట్ బోర్డు కిందా అన్నది ముందు చూసుకోండి. కంటోన్మెంట్ అయితే రూల్స్ వేరు, కొన్నిచోట్ల కట్టడం మాత్రమే మీది, భూమి ప్రభుత్వానిది. అన్నదమ్ముల వాటాలు కాగితం మీద తేలకుండా ఒక్క ఇటుక కూడా కదపొద్దు. బాగు చేసిన తర్వాత గొడవలు ఎక్కువవుతాయి, తక్కువ కావు.

చివరగా, ఒక సీరియస్ మాట. పాత ఇల్లు అంటే ఎమోషన్ ఉంటుంది. కానీ మన సికింద్రాబాద్‌లోనే 2013 జులైలో సిటీ లైట్ హోటల్ ఉన్న పాత బిల్డింగ్ కూలి పది మందికి పైగా చనిపోయారు. కాబట్టి గోడ మధ్యలో కడుపులా ఉబ్బినా, దారానికి బరువు కట్టి వేలాడదీస్తే గోడ పక్కకి వాలినట్టు తెలిసినా, మెట్లు మెట్లుగా పోయే పగులు నెల నెలకీ పెరుగుతున్నా, దూలాలు సగానికి పైగా పుచ్చినా, ముందు మనుషుల్ని బయటికి తీసుకురండి. తర్వాతే రిపేరా, కూల్చడమా అన్న మాట. మేస్త్రీ మాట, కాంట్రాక్టర్ మాట ఒక్కటే నమ్మకండి. స్ట్రక్చరల్ ఇంజినీర్ రిపోర్ట్ తీసుకోండి. జేఎన్‌టీయూ, ఉస్మానియా లాంటి చోట్ల సివిల్ డిపార్ట్‌మెంట్ల వాళ్లు ఇలాంటి పరీక్షలు చేస్తారు. ఆ రిపోర్ట్ "వద్దు" అంటే, వద్దు. పాత తలుపులు, దూలాలు, బండలు దాచుకుని కొత్త ఇంట్లో వాడుకోవచ్చు. అందులో ఓడిపోయింది ఏమీ లేదు.

ఆర్డర్ గుర్తుంచుకోండి. ముందు కాగితాలు, తర్వాత ఇంజినీర్, తర్వాత మిద్దె, తర్వాత తూములు, కాలువలు, తర్వాత గోడకి సున్నం, తర్వాత వైరింగ్, బాత్రూం. పెయింటింగ్, ఇంటీరియర్స్ లాస్ట్. మనం మామూలుగా దీన్ని రివర్స్‌లో చేస్తాం, అందుకే రెండేళ్లకి మళ్లీ మొదటికొస్తుంది.

మీ ఇంట్లో ఇలాంటి ఇల్లు ఉంటే, ఈసారి వాన పడ్డప్పుడు ఫోన్ తీసుకుని మిద్దె ఎక్కండి. నీళ్లు ఎటు పోతున్నాయో ఒక వీడియో తీయండి. డిస్కషన్ ఆ వీడియోతో మొదలుపెట్టండి, రేటుతో కాదు. ఈ ఎపిసోడ్ మీ ఫ్యామిలీ గ్రూప్‌లో పడేయండి, ముఖ్యంగా "ఇచ్చేద్దాం" అనే బాబాయికి. మళ్లీ కలుద్దాం. ఉంటాను.